రబాబు కాచిన మధ్యాహ్నం

పోయిన నెలలో గుడివాడ నుంచి సింగు మావయ్య పోయాడని కబురొచ్చింది. ఆయన మా అమ్మకి తమ్ముడు కాదు, మా భాషవాడూ కాదు. ట్రాక్టర్లు బాగుచేసుకుంటూ గుడివాడలో స్థిరపడిపోయిన పంజాబీ సర్దార్జీ. మా నాన్న ఆయన్ని బావగారూ అని పిలవడం మొదలుపెట్టాడు కాబట్టి నాకు మావయ్య అయ్యాడు. మా వైపు వరసలు కలపడానికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. పరామర్శకి వెళ్తే వాళ్ళబ్బాయి హర్మీత్ నాకు ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. గుడివాడలో పుట్టి పెరిగినవాడు, తలపాగా ఒక్కటే పంజాబు, మాటంతా మనదే. కాసేపు కూర్చున్నాక ఫోను తీసి, ఢిల్లీలో చదువుకుంటున్న తన కూతురు వాయించిన పాట చూపించాడు. ఆ పిల్ల చేతిలో శాక్సఫోన్ ఉంది. ఒక పక్క దేశం విడిచి వచ్చిన అఫ్ఘాన్ పెద్దాయన రబాబు మీటుతున్నాడు. ఇంకో పక్క ఒక సిక్కు అమ్మాయి కళ్ళు మూసుకుని శబద్ పాడుతోంది. శబద్ అంటే వాళ్ళ గురువుల కీర్తన. ఇలాంటిది ఇంతకు ముందు ఎవరూ చెయ్యలేదని, కొత్త ప్రయోగమని చూసినవాళ్ళంతా కింద రాశారని హర్మీత్ మురిసిపోతూ చెప్పాడు.

ఒక్క నిమిషం విని, కళ్ళజోడు తెచ్చుకోలేదని అబద్ధం చెప్పి ఫోను ఇచ్చేశాను. వినడానికి కళ్ళజోడెందుకని అతను అడగలేదు, మంచివాడు. నా కళ్ళ నీళ్ళు వాళ్ళ నాన్న కోసమే అనుకున్నాడు. ఆ కొత్త ప్రయోగం బందరు పరాసుపేటలో మా ఇంటి పంచలో రెండేళ్ళ పాటు నడిచింది. అది ఆగిపోవడానికి కారణం నేను. ఈ మాట మా నాన్నకి చెప్పలేదు, మా ఆయనకీ చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళు లెక్కల టీచరుగా ఊళ్ళో పిల్లల తప్పులన్నీ ఎర్రసిరాతో దిద్దినదాన్ని. నా తప్పు నేను కాగితం మీద పెట్టడానికి మాత్రం డెబ్బై దగ్గర పడాల్సి వచ్చింది.

మా నాన్నది బ్యాండు మేళం. తాతది గిలకలదిండిలో చేపల వేట. నాన్నకి వేట మీద మోజు లేక, పద్దెనిమిదేళ్ళకే ఒక స్టీమరు వంటగదిలో పనికి కుదిరి కలకత్తా చేరాడట. అక్కడ హోటళ్ళలో వాయించే ఒక నల్లజాతి అమెరికన్ దగ్గర శాక్సఫోన్ నేర్చుకుని, ఆ జాజ్ సంగీతాన్ని ఒంట్లో పెట్టుకుని బందరు తిరిగొచ్చాడు. బందరులో దాన్ని ఎవరడిగారు గనక? బతుకు కోసం పెళ్ళి ఊరేగింపుల మేళం పెట్టాడు. ఎర్రకోట్లు, జరీ అంచులు, పదకొండు మంది మనుషులు. ముహూర్తాల రోజుల్లో మా ఇల్లంతా చింతపండు వాసన వేసేది. అమ్మ పులుసు పిండగా మిగిలిన పిప్పితోనే బాకాలన్నీ తోమేవాళ్ళు. నాన్న శాక్సఫోన్‌కి బిగించే రెల్లు బద్ద రాత్రంతా గ్లాసెడు నీళ్ళలో నానుతూ ఉండేది. ఒకరోజు మా నాయనమ్మ చీకట్లో ఆ గ్లాసు ఎత్తి గటగటా తాగేసి, ఈ కొంపలో మంచినీళ్ళు కూడా సన్నాయి వాయిస్తాయని పొద్దున్నంతా తిట్టింది. దండెం మీద కోట్లు ఆరుతుంటే వీధిలో పోయేవాళ్ళు, ఇవాళ ఎవరి పెళ్ళి మాస్టారూ అని అడిగి పోయేవాళ్ళు. మా ఇంటి పని అందరికీ తెలిసిందే, దాచుకునేదేం ఉండేది కాదు.

ఆ ఇంట్లో నా పని డ్రమ్ములు కాచడం. సముద్రపు గాలికి తోలు సడలిపోతుంది. సడలిన డ్రమ్ము గొంతు పట్టేసిన మనిషిలా మూలుగుతుంది. గుప్పెడు గడ్డీ కాస్త కొబ్బరి పీచూ రాజేసి, తోలుని మంటకి జానెడు ఎడంగా తిప్పుతూ ఉండాలి. మధ్యమధ్య వేలి కణుపుతో కొట్టి చూడాలి. ఖంగుమన్న క్షణాన తీసెయ్యాలి. ఏడో ఏట నుంచీ చేసేదాన్ని. మేళంలో మీసాలొచ్చిన మగవాళ్ళు కూడా డ్రమ్ము తెచ్చి నా ముందు పెట్టి, పాపా, కాస్త చూడమ్మా అనేవాళ్ళు. నా చెయ్యి పడితే తోలు మాట వింటుందని పేరు. ఆ పేరు నాకు బాగా తలకెక్కింది.

మా పంచ పక్క గదిలో ఒక కాబూలీ ఆయన అద్దెకుండేవారు. అందరూ ఇంగువ సాయిబు గారనేవాళ్ళు, మేం ఆగా గారనేవాళ్ళం. భుజాన సంచీతో చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ వైపు ఇంటింటికీ తిరిగి ఇంగువ అమ్మేవారు. చిన్న చాకుతో ముక్క కోసి, ముందు గృహిణి అరచేతిలో పెట్టి వాసన చూడమనేవారు. ఆవకాయ రోజుల్లో ఆయన రాకపోతే దివిసీమ ఆడవాళ్ళు బెంగపడేవాళ్ళని అమ్మ చెప్పేది. మితంగా మాట్లాడేవారు. మా మజ్జిగ తాగేవారు, వంట మాత్రం తనే వండుకునేవారు. ఆయన గదిలో మేకుకి ఒక గుడ్డసంచీ వేలాడేది. అందులో ఉండేది రబాబు. ఒకే చెక్కలోంచి తొలిచిన పొట్ట, నడుం సన్నం, పొట్ట మీద మేక తోలు. పైన మీటే తీగలు మూడు. వాటి కింద ఎవరూ మీటకుండానే మోగే సన్న తీగలు బోలెడు. ఆ తోలు ఆయన అన్నగారు కాబూల్లో బిగించిందట. ఆ అన్నగారు అప్పటికే లేరు.

నాన్నా ఆయనా మొదట్లో ఒకరి వాయిద్యం ఒకరు గోడ అవతల నుంచి వినేవాళ్ళు. పలకరింపు కూడా అలాగే జరిగింది. నాన్న ఒక ముక్క వాయించి ఆపితే, అదే ముక్క ఇంకో దారిన తిరిగి గోడ మీంచి వచ్చింది. మర్నాటికి గోడ ఎందుకని ఇద్దరూ పంచలోకి చేరారు. రాసింది వాయించడం కూలిపని, విన్నదానికి జవాబు చెప్పడం సంగీతం అని మా నాన్న సిద్ధాంతం. జవాబు చెప్పేవాడు దొరకడానికి ఆయనకి పాతికేళ్ళు పట్టింది.

సింగు మావయ్య వచ్చింది ఆ తర్వాతే. రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో ఇంజను ఆగిపోతే గుడివాడ నుంచి పిలిపించారు. పని ముగించుకుని మోటారు సైకిలు మీద మా వీధిలోంచి పోతూ రబాబు విని ఆపేశాడు. గుమ్మంలో ఒక పొడుగాటి గడ్డం మనిషి మోచేతుల దాకా గ్రీజుతో నిలబడితే అమ్మ హడలిపోయింది. ఆయన అడిగింది ఒక్కటే, చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు. అమ్మ కిరసనాయిలూ బూడిదా ఇచ్చింది. అరగంట తోముకున్నాడు. తోముకుని వచ్చి, చెప్పులు వాకిట్లోనే వదిలి, రబాబు మీద రెండు వేళ్ళు ఆన్చి, నేల మీద కూలబడి ఏడ్చాడు. వాళ్ళ మొదటి గురువు పక్కన నడుస్తూ ఒక ముస్లిం భక్తుడు వాయించింది ఈ వాద్యమేనట. వాళ్ళ ఇళ్ళల్లో ఎప్పుడో పోయి దాని స్థానంలో హార్మోనియం వచ్చింది. పుట్టాక ఆయన దాన్ని క్యాలెండరు బొమ్మల్లో తప్ప చూడలేదు. బందరులో, ఒక బ్యాండు మేళం పంచలో అది కనపడుతుందని ఆయన మాత్రం అనుకున్నాడా?

ఆ వారం నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే ఏడింటికల్లా వచ్చేసేవాడు. శబద్ పాడేటప్పుడు తల కప్పుకోవాలన్నాడు. నేను ఓణీ కొంగు కప్పుకున్నాను. నాన్న తువ్వాలు చుట్టుకుని శాక్సఫోన్ ఎత్తితే అమ్మ వంటింట్లోకి పోయి నవ్వుకునేది. కీర్తన మాటల మీద ఎవరూ వాయించకూడదని మావయ్య మొదటిరోజే ఖరారు చేశాడు.

"మాట మీద నడవొద్దు మాస్టర్‌జీ. పక్కన నడవండి," అన్నాడు.

నాన్నకి ఆ షరతు ఎంత నచ్చిందో చెప్పలేను. మావయ్య ఒక పాదం పాడి ఆపేవాడు. ఆగా గారి వేళ్ళు దాన్ని నెమ్మదిగా కొండదారి పట్టించేవి. అది కిందికి దిగొచ్చే వేళకి నాన్న అందుకునేవాడు, ఊపిరి ఎంత సన్నగా వదిలేవాడంటే శాక్సఫోన్ అని తెలిసేది కాదు. మావయ్య అది పొద్దుటి పూట పాడే ఆసా రాగం అనేవాడు. మా కొండల్లో దీనికి వేరే పేరుందని ఆగా గారు అనేవారు. కలకత్తాలో దీనికి పేరే లేదు, నొప్పి ఉన్నచోట స్వరాన్ని కాస్త కిందికి వంచుతారంతే, అని నాన్న. ముగ్గురూ దాని మీద వాదించుకుని, వాదన తేలకుండానే మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. చేపల గంపలు దించి ఆడవాళ్ళు అరుగు మీద కూర్చునేవాళ్ళు. మావయ్య వచ్చేటప్పుడు బందరు లడ్డూ పొట్లం కొనుక్కొచ్చి, అందరికీ పెట్టాక తనే సగం తినేవాడు. నాన్న నాకూ ఒక పాత క్లారినెట్ ఇచ్చాడు. నేను వాయిస్తుంటే అమ్మ వీధి తలుపు వేసేది తప్ప వద్దనలేదు. ఈ పిల్లకి చెవి ఉందని ఆగా గారు ఒకసారన్నారు. ఆయన పొగడ్త ఇంగువ లాంటిది, చిటికెడే ఇచ్చేవారు. ఇన్నేళ్ళలో నాకు అంతకంటే గొప్ప సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వలేదు.

రేడియో వాళ్ళు విన్నారు. ఎవరో చెబితే ఒక పెద్దమనిషి వచ్చి అరుగు మీద కూర్చుని విని, వచ్చే ఆదివారం రికార్డు చేసే మిషన్‌తో వస్తామన్నాడు. ఇంట్లో పండగే. నాన్న అప్పటిదాకా పెళ్ళికొడుకుల ముందు నడిచినవాడు. తన పాట కోసం మనుషులు వచ్చి కూర్చోవడం అదే మొదలు. నాకు పదిహేడేళ్ళు. ఆయన మొహంలో ఆ వారం కనిపించిన వెలుగు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

ఆ వారమే ముసురు పట్టింది. రబాబు తోలు సడలి, స్వరం మొద్దుబారింది. ఆగా గారు కంగారు పడలేదు. తీగలు వదులు చేసి, ఉన్ని కంబళిలో చుట్టి వంటింటి గోడకి ఆన్చి పెట్టి, దాన్ని తొందరపెట్టకూడదు, రెండు రోజుల్లో అదే దారికొస్తుంది అన్నారు. శుక్రవారం పొద్దున మళ్ళీ తీగలు బిగించి మీటి చూశారు. కాస్త మెరుగు, అంతే. మళ్ళీ కంబళి కప్పి, మధ్యాహ్నం నమాజుకి వెళ్ళారు. నాన్న రేడియో వాళ్ళ కోసం మావయ్య ఇంట్లోని హార్మోనియం తేవడానికి గుడివాడ వెళ్ళాడు. అమ్మ బజారుకెళ్ళింది. ఇంట్లో నేనూ, ఆ కంబళీ. పాపం, తోలు కాచడం తెలియని మనుషులు ఇలాగే రోజులు లెక్కపెట్టుకుంటారని అనిపించింది. ఆయన తిరిగొచ్చేసరికి రబాబు ఖంగుమంటే ఎంత సంతోషిస్తారో అని ముందే ఊహించేసుకున్నాను. కొబ్బరి పీచు రాజేశాను.

జానెడు ఎడం, నెమ్మదిగా తిప్పుడు, కణుపుతో దెబ్బ, అన్నీ పద్ధతి ప్రకారమే చేశాను. స్వరం లేచింది. ఇంకొంచెం, అనుకున్నాను. డ్రమ్ముకి తీగలుండవు. రబాబు తీగలన్నీ తోలు మీద నిలబెట్టిన గుర్రం అనే చిన్న చెక్కముక్క మీంచి పోతూ దాన్ని కిందికి నొక్కుతుంటాయి. తోలు బిగిసేకొద్దీ ఆ నొక్కుడు పెరుగుతుందని నాకు తట్టలేదు. అప్పడం విరిగినంత చప్పుడైంది. గుర్రం కింద తోలు నిలువునా చీలింది.

ఆ తర్వాత నేను చేసిన పనులు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఏడవలేదు. బూడిద మీద నీళ్ళు పోసి ఊడ్చేశాను. రబాబుని కంబళిలో ఎప్పటిలా చుట్టి పెట్టాను. పొగ వాసన పోవాలని, ఆగా గారిచ్చిన ఇంగువే చారెడు వేసి రసానికి తాళింపు పెట్టాను. ఇంతింగువ ఎవరేస్తారే అని అమ్మ వచ్చి తిట్టింది. ఆగా గారు వచ్చి కంబళి విప్పారు. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. ఆయన అరచెయ్యి తోలు మీద పెట్టి చాలాసేపు కూర్చున్నారు. నావైపు చూడలేదు. మళ్ళీ చుట్టేసి గుడ్డసంచీలో పెట్టి మూతి కట్టేశారు. నాన్న వచ్చాక చూపించమంటే చూపించలేదు.

"మీ బందరు గాలి గెలిచింది మాస్టారూ," అన్నారు.

ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అదీ నా పదిహేడేళ్ళ నీతి.

నాన్న మా డ్రమ్ములకి తోలు వేసే ఆయన్ని పిలిపిస్తానన్నాడు. ఆగా గారు వద్దన్నారు. ఆదివారం రేడియో వాళ్ళు వచ్చారు. నాన్నా మావయ్యా ఇద్దరే వాయించారు. మావయ్య పాదం పాడి ఆపినప్పుడల్లా మధ్యలో ఖాళీ వచ్చింది, నాన్న అందుకోవడానికి అక్కడ ఏమీ లేదు. ఆగా గారు గోడకి ఆనుకుని కూర్చుని వింటున్నారు. ఆయన వేళ్ళు మోకాలి మీద తమ పని తాము చేసుకుంటూనే ఉన్నాయి. రేడియో ఆయన మర్యాదగా కాఫీ తాగి, మళ్ళీ ఎప్పుడైనా కలుద్దామని వెళ్ళిపోయాడు. ఎండలు ముదిరేలోగా ఆగా గారు కూడా ఊరొదిలి వెళ్ళారు. గుడివాడలో మావయ్యే రైలెక్కించాడు. కొన్నేళ్ళకి ఆ దేశంలో యుద్ధం మొదలైంది. నాన్న రోజూ సాయంత్రం వార్తలు పెట్టుకుని, కాబూల్ అన్న మాట వస్తే రేడియో గొంతు పెంచేవాడు. ఆ పేరు తప్ప ఆయన కబురెప్పుడూ మా ఇంటికి రాలేదు.

నేను క్లారినెట్ మానేశాను. ఇక నాకు రాదు నాన్నా అన్నాను. పెద్దపిల్లనయ్యాను, సిగ్గుపడుతున్నాననుకుని ఆయన బలవంతం చెయ్యలేదు. డ్రమ్ములు కూడా మళ్ళీ కాచలేదు. ఇప్పుడైతే కాచే పనే లేదు, అన్నిటికీ ప్లాస్టిక్ తోళ్ళు. పెళ్ళిళ్ళకి మేళమూ లేదు, వ్యాను మీద పెట్టెలు కట్టుకొచ్చి వీధిలో కిటికీలు అదరగొట్టి పోతారు. ముసురైనా ఎండైనా వాటికి ఒకటే గొంతు. మావయ్య మాత్రం బందరు వచ్చినప్పుడల్లా, నా పెళ్ళయ్యాక, పిల్లలు పుట్టాక, రిటైరయ్యాక కూడా, వాయిస్తున్నావా అమ్మా అని అడిగేవాడు. తీరికేదీ మావయ్యా అనేదాన్ని. ఈ మనిషికి వేరే మాటే దొరకదా అని లోపల విసుక్కునేదాన్ని.

పరామర్శ రోజు, జనం పలచబడ్డాక, ఇదంతా హర్మీత్‌కి చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఇక వినాల్సిన ముగ్గురిలో ఒక్కరూ లేరని తేలిపోయాక ధైర్యమొచ్చిందేమో. అతను తల దించుకుని విన్నాడు.

"నాన్నకి తెలుసక్కా," అన్నాడు. "రైలెక్కేటప్పుడు ఆగా గారే చెప్పారంట. తోలు మీద పొగ మచ్చ ఉందంట. మాస్టారి పాప కాచింది, మంచి చెయ్యబోయింది, నాకు తెలిసినట్టు పాపకి తెలియనివ్వొద్దు, తెలిస్తే ఇంక వాద్యం ముట్టుకోదు, అన్నారంట. నాన్న చేత ఒట్టేయించుకున్నారు."

హర్మీత్ కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

"తర్వాత రెండు ఉత్తరాలు కూడా వచ్చాయక్కా నాన్నకి. రెండిట్లోనూ పాప వాయిస్తోందా అనే అడిగారు. లేదని రాయడానికి నాన్నకి చెయ్యి రాలేదు. బ్రహ్మాండంగా వాయిస్తోందని రాశాడు. తర్వాత ఇంక రాలేదు."

ఓదార్పు కలిగిందని రాస్తే బాగుంటుంది. కలగలేదు. మొదట కోపమొచ్చింది. ఇంత మంచితనం ఎవరడిగారు? ఒక్క చెంపదెబ్బ కొట్టి ఉంటే ఏడ్చేదాన్ని, కాళ్ళు పట్టుకునేదాన్ని, ఆ తోలు మా డ్రమ్ముల ఆయన చేతే వేయించి ఉండేవాళ్ళం. నేను వాద్యం వదలకూడదని ఆయన నోరు మూసుకున్నారు. ఆయన నోరు మూసుకున్నందువల్లే నేను వదిలేశాను. మధ్యలో సింగు మావయ్య, ఒట్టు దాటలేక, యాభై ఏళ్ళు ఒకే ప్రశ్న అడుగుతూ నా జవాబు కోసం చూశాడు. తను రాసిన అబద్ధం నిజం కావాలని. ఎక్కడో యుద్ధంలో, చేతిలో వాద్యం లేని ఒక ముసలాయన, నేను వాయిస్తున్నానని నమ్ముకుని వెళ్ళిపోయారు. నేను ఆయన దగ్గర పోగొట్టింది తోలు ఒక్కటే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

బందరు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. పెడన దాటాక, ఆ రోజు గుమ్మంలో నిలబడి అనాల్సిన మాట పైకే అనేశాను. నేనే కాచానండీ ఆగా గారూ, అని. పక్కన ఖాళీ చేపల గంప ఒళ్ళో పెట్టుకుని కునుకుతున్న ఆవిడ ఉలిక్కిపడి లేచింది.

"ఏవన్నారమ్మా?"

"ఏం లేదమ్మా," అన్నాను.